డబ్బు–దస్కం: చితికిన కంపెనీని కొన్నవాడికి లాభమేనా?

సంతలో బక్కచిక్కిన ఎద్దు కనిపిస్తే మన రైతులు రెండు రకాలుగా చూస్తారు. ఒకాయన డొక్కలు చూసి వెళ్ళిపోతాడు. ఇంకొకాయన పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. మేత లేక చిక్కిందా, లోపల జబ్బుందా అని తేల్చుకున్నాకే బేరానికి దిగుతాడు. వేల కోట్లతో జరిగే కంపెనీల బేరంలోనూ తేల్చుకోవలసింది అదే.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల నుంచి ఎందరో పిల్లలు బెంగళూరు కంప్యూటర్ కంపెనీల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. "మా కంపెనీని ఎవరో కొంటున్నారట" అని ఫోను వస్తే ఇంట్లో పెద్దవాళ్ళకు నిద్ర పట్టదు. ఇలాంటి కొనుగోళ్ళు కలిసివస్తాయా, రావా? మన తెలుగువారికి బాగా తెలిసిన సత్యం కథతోనే మొదలుపెడదాం.

1987లో హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్స్ 2009 నాటికి దాదాపు 50,000 మందికి జీతాలిస్తున్న సంస్థ. ఆ ఏడాది జనవరి 7న అధ్యక్షుడు రామలింగరాజు స్వయంగా ఉత్తరం రాసి, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ ఒక్కరోజులోనే 40 దగ్గరకు పడిపోయింది.

కేంద్ర ప్రభుత్వం పాత డైరెక్టర్లను తొలగించి కిరణ్ కార్ణిక్, దీపక్ పరేఖ్ వంటివారిని నియమించింది. వారు ఖాతాదారులను నిలబెట్టుకుంటూనే కంపెనీని వేలానికి పెట్టారు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలిచ్చి గెలిచింది. లార్సెన్ అండ్ టూబ్రో చెప్పిన ధర 45 రూపాయల 90 పైసలు. ఉత్తరం బయటపడిన నాటి నుంచి వేలం ముగిసే దాకా పట్టింది మూడు నెలల పైచిలుకు మాత్రమే. ఈ తొందరే సంస్థను బతికించింది. ఇంకో ఏడాది నానబెట్టి ఉంటే ఖాతాదారులూ, పనివాళ్ళూ చెరోదారి పట్టేవారు.

లెక్కలే సరిగా లేని కంపెనీని అంత ధైర్యంగా ఎలా కొన్నారు? ఇక్కడే ఎద్దు పళ్ళు చూడాలి. సత్యంలో దొంగలెక్క ఉన్నది ఖాతా పుస్తకాల్లో. పని మాత్రం నిజం, పనిచేసేవారు నిజం, డబ్బు చెల్లించే ఖాతాదారులూ నిజమే. 2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు కంప్యూటర్ సేవలందించింది ఈ సంస్థే, మహీంద్రా సత్యం అన్న కొత్త పేరుతో. పైగా కొన్నవారికి ఒక లోటుండేది. టెక్ మహీంద్రా ఆదాయంలో సగానికి పైగా ఒక్క బ్రిటిష్ టెలికామ్ నుంచే వచ్చేది. బ్యాంకులు, కర్మాగారాల పని తెలిసిన సత్యం ఆ లోటు తీర్చింది.

అయితే 58 రూపాయలతోనే ఖర్చు తీరలేదు. అమెరికాలో మదుపరులు వేసిన దావాను 2011లో 12.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకోవలసి వచ్చింది. అన్నీ తట్టుకుని 2013 జూన్‌లో రెండు సంస్థలూ ఒకటయ్యాయి. కొన్నవారి వైపు నుంచి చూస్తే బేరం ఫలించింది.

మిగతావారి సంగతి? 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లిచ్చారు. ఆ 17 షేర్లకు వేలంలో గెలిచినవారు పెట్టింది 986 రూపాయలు. జనవరి 6న కొన్న చిన్న మదుపరి పెట్టింది 3,043 రూపాయలు. చివరికి చేతికొచ్చిన షేర్ల విలువ ఇద్దరికీ ఒక్కటే. పని లేదని తేలిన వేలమంది ఉద్యోగులను 2009లో తగ్గించిన జీతం మీద ఇంట్లో కూర్చోబెట్టి, వేరే ఉద్యోగం చూసుకోమన్నారు. వారి ఇళ్ళలో ఈ బేరాన్ని విజయమని ఎవరంటారు?

ఇక తిరగబడిన బేరం. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లో నోకియా ఫోన్ల వ్యాపారాన్ని 700 కోట్ల డాలర్లకు పైగా పోసి కొన్నది. మరుసటి ఏడాది జూలైలోనే 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకుని, 7,800 ఉద్యోగాల దాకా తీసేస్తామని ప్రకటించింది. ఆ కోత ప్రకటించినది సత్య నాదెళ్ళ. ఆయన పూర్వీకులది మన బాగేపల్లికి పొరుగునున్న పాత అనంతపురం జిల్లాయే. కొనే ముందు అభిప్రాయమడిగితే తాను వద్దన్నానని 2017లో వచ్చిన తన పుస్తకంలో చెప్పారు. మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరులోని నోకియా కర్మాగారం పన్ను తగాదా వల్ల ఆ బేరంలో చేరనే లేదు. 2014 నవంబరులో అది మూతపడింది.

నోకియా లెక్కల్లో దొంగతనం లేదు. కాని జనం అప్పటికే యాపిల్, ఆండ్రాయిడ్ ఫోన్లకు మళ్ళారు. జబ్బు పుస్తకాల్లో ఉంటే కొత్త యజమాని నయం చేయగలడు. కొనేవాళ్ళే వెళ్ళిపోయాక ఎంత డబ్బు పోసినా మిగిలేది పాత పేరు మాత్రమే.

కాబట్టి అలాంటి ఫోను వచ్చినప్పుడు పిల్లలను మూడు మాటలు అడగండి. మీ ఖాతాదారులు ఇంకా ఉన్నారా? కొనేవాడి దగ్గర లేనిది మీ దగ్గర ఏముంది? మీరు చేసే పనే చేసేవాళ్ళు అక్కడ ఇప్పటికే ఉన్నారా? మూడో ప్రశ్నకు జవాబు "ఉన్నారు" అయితే వెంటనే కొత్త ఉద్యోగం వెతకడం మొదలుపెట్టమనండి. ఇంకొక్క మాట. జీతమిచ్చే కంపెనీ షేర్లలోనే ఇంటి పొదుపంతా పెట్టనివ్వకండి. కంపెనీ కూలినరోజు జీతమూ, దాచిన సొమ్మూ ఒకేసారి పోకూడదు కదా!