సీటు ఇంటికి వచ్చింది, కళాశాల కనబడలేదు
2017 వరకు ఇంజనీరింగు కౌన్సెలింగు చెన్నై గిండీలోని అన్నా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే జరిగేదన్న సంగతి మన సరిహద్దు గ్రామాల పెద్దలకు విదితమే. తిరుత్తణిలోనో తిరువళ్లూరులోనో లోకల్ రైలెక్కి, సెంట్రలులో దిగి, ఎదుటి పార్కు స్టేషనులో మరో రైలు పట్టుకొని తల్లిదండ్రులు బిడ్డ వెంట వెళ్లేవారు. ఒకనాటి కూలి పోయేది. అయినా, కళాశాల గడప ఎన్నడూ తొక్కని తల్లి కూడా ఆ ఎర్రని పాత భవనాన్ని కళ్లారా చూసేది.

2018 నుండి అంతా ఆన్‌లైను. ప్రయాణం తప్పడం మేలే. కానీ నేడు మన పల్లెల్లో కళాశాలల జాబితా నింపేది తరచుగా నెట్ సెంటరులో, అక్కడి కుర్రవాని సలహాతో. పశువును కొన్నా పళ్లు చూచి కొంటాము కదా! తాత్కాలిక కేటాయింపు వెలువడిన పిదప సమ్మతి తెలుపుటకు గడువు కొద్ది దినాలే.

అమెరికాలో పేరున్న విశ్వవిద్యాలయాలు అనేకం సీటిచ్చిన విద్యార్థులను ఆహ్వానించి, ప్రాంగణమంతా చూపిన తరువాతనే తుది నిర్ణయం అడుగుతాయి. ఇక్కడ 7.5 శాతం కోటా 2021లో ఇంజనీరింగుకు విస్తరించిన నాటి నుండి, ఆ కోటాలో చేరే ప్రభుత్వ పాఠశాలల పిల్లల ఫీజును, హాస్టలు ఖర్చును ప్రభుత్వమే భరిస్తున్నది. అంత వ్యయానికి సిద్ధపడిన ప్రభుత్వం, ఎంపికకు ముందు కళాశాలను చూపే ఒక్క దినాన్ని మాత్రం కౌన్సెలింగులో చేర్చలేదు.

ర్యాంకు జాబితా వచ్చిన వెంటనే, ఎంపికలు నింపకముందే, దగ్గరి కళాశాలలకైనా పనిదినాన వెళ్లవచ్చు. ప్రయోగశాల తలుపు తెరిచి ఉన్నదా, మన ఊరి వైపు చివరి బస్సు ఎన్నింటికి అన్నవి అక్కడి విద్యార్థులనే అడగాలి.