ఒక్కరికి ఎంత పొయ్యి?

ఇంట్లో ఎందరున్నారో అడగనక్కరలేకుండా, పొయ్యిని చూసి చెప్పగలిగిన రోజులుండేవి. పెళ్ళికీ సంతర్పణకూ పెరట్లో గాడిపొయ్యి తవ్వేవారు. నిత్యం పదిమంది విస్తరి వేసే ఇంట్లో మట్టితో మెత్తిన పెద్దపొయ్యి ఉండేది. పాలు కాగడానికి పిడకల దాలి వేరు. ఒంటరిగా ఉండే ముసలమ్మకూ, పట్నంలో గది తీసుకుని చదువుకునే కుర్రవాడికీ ఓ బొగ్గుల కుంపటి. దాన్ని వసారాలోకో వంటింట్లోకో ఎక్కడికి కావలిస్తే అక్కడికి జరుపుకోవచ్చు. దోసెడు బొగ్గులతో అన్నమూ చారూ అయిపోయేవి. మనిషికి తగ్గ పొయ్యి, పొయ్యికి తగ్గ గిన్నె. ఇది ఎవరూ బడికి వెళ్ళి నేర్చుకున్న విద్య కాదు.

గ్యాసు వచ్చిన తరువాత ఈ కొలత మనకు తప్పిపోయింది. వంటగ్యాసు అమ్మకం మన దేశంలో 1955లో బొంబాయిలో మొదలయింది. ఇండియన్ ఆయిల్ వారి ఇండేన్ 1965లో వచ్చింది. ఆ తరువాత నెమ్మదిగా పల్లెపల్లెకూ పాకింది. పొగ పోయింది, కళ్ళమంటలు పోయాయి, మంచిదే. కాని గ్యాసు అంటే 14.2 కిలోల బండ అనీ, పొయ్యి అంటే దుకాణంలో ముందు వరసలో మెరుస్తున్నదనీ మనసులో ముద్రపడిపోయింది. ఆరుగురున్న ఇంటికీ అదే, ఒక్కరున్న ఇంటికీ అదే.

ఈ మాట ఇప్పుడెందుకంటారా? ఒక్కరే మిగిలిన వంటిళ్ళు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో ఓసారి లెక్కపెట్టి చూడండి. పిల్లలు ఒకరు హైదరాబాదులో, ఒకరు డల్లాస్‌లో. ఆయన పోయిన తరువాత తల్లి ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. భార్య గతించిన రిటైరైన మేష్టారు మొదటిసారిగా గరిటె పట్టుకుంటారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఒంటిగది వాటా తీసుకుంటుంది. వీరు స్టవ్ కొనడానికి వెళ్ళినప్పుడు సాధారణంగా రెండు ఆలోచనలు చేస్తారు. “ఎప్పుడైనా నలుగురు వస్తే?” అన్నది మొదటిది. “ఒక్క పొట్టే గదా, ఏదో ఒకటి చాల్లే” అన్నది రెండవది. మొదటి ఆలోచన మరీ పెద్దదాన్ని కొనిపిస్తుంది, రెండవది మరీ చిన్నదాన్ని. విచిత్రమేమిటంటే, రెండు దారులూ చివరికి ఒక్కచోటికే చేరుస్తాయి. కొన్నాళ్ళకు పొయ్యి వెలిగించడమే తగ్గిపోతుంది.

మా బంధువుల్లో ఒక పిన్ని ఉంది. ఇల్లు బాగుచేయించినప్పుడు పిల్లలు ప్రేమకొద్దీ నాలుగు బర్నర్ల అద్దాల స్టవ్ పెట్టించారు. పక్కనే రెండు బండలు. ఆమె దానిమీద రెండురోజులకొకసారి వండి, చల్లారిన కూర తినడం మొదలుపెట్టింది. తరువాత కూర కూడా పోయి ఆవకాయ, మజ్జిగ మిగిలాయి. నీరసంగా ఉందని డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన మందు రాయబోయి, ముందు ఏం తింటున్నావమ్మా అని అడిగాడట. వంట ఎందుకు మానేశావని నేను అడిగితే పిన్ని అన్నమాట ఇది: “ఒక్కదానికోసం ఆ యజ్ఞశాల అంతా ఎవరు తుడుస్తార్రా?”

ఆ మాటలో బద్ధకం లేదు. కొలత కుదరలేదంతే. తుడవడానికీ, ఎత్తడానికీ, కడగడానికీ భయపడే సరంజామా ఎంత ఖరీదైనదైనా ఒంటరి మనిషికి పనికిరాదు. రోజూ రెండుపూటలా విసుగు లేకుండా వెలిగించుకునేదే తగిన పొయ్యి. అది తేల్చుకోవడానికి మూడు లెక్కలు వేరువేరుగా వేసుకోవాలి. మనం వాటిని కలిపేసి, “ఎంతమంది?” అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటున్నాం.

మొదటిది బర్నర్ల లెక్క. దీనికి మనుషులతో పనిలేదు, వంటకాలతో పని. ఒక్కరు తిన్నా నలుగురు తిన్నా తెలుగు భోజనంలో అన్నం ఒకటి, పప్పో పులుసో ఒకటి ఉండాలి. ఒకే బర్నరు ఉంటే అన్నం దించి కూర, కూర దించి పాలు పెట్టాలి. కూర అయ్యేసరికి అన్నం చల్లారుతుంది. ఆఫీసు నుంచి అలసి వచ్చిన అమ్మాయి నాలుగు రోజులు ఓపిక పడుతుంది, అయిదో రోజు హోటలుకు ఫోన్ చేస్తుంది. అంచేత ఒంటరివారికైనా రెండు బర్నర్లు కావాలి. మూడూ నాలుగూ ఉంటే వాటిమీద కారం డబ్బా, ఉప్పు జాడీ కాపురం పెడతాయి. భోజనం క్యారియరులో తెప్పించుకుని, ఇంట్లో కాఫీ మాత్రమే కాచుకునేవారికి ఒక్కటి చాలు.

రెండవది బర్నరు పరిమాణం. దీనికి కొలబద్ద గిన్నె అడుగు. మంట గిన్నె అడుగు దాటి పక్కలకు పాకితే, ఆ గ్యాసు వంటిల్లు వేడెక్కడానికీ, పిడి కాలడానికీ ఖర్చవుతుంది. రెండు బర్నర్ల స్టవ్‌లలో చాలావాటికి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉంటాయి. నలుగురున్న ఇంట్లో చిన్నదాన్ని పాలకు కేటాయిస్తారు. ఒంటరివారికి అదే అసలు పొయ్యి. కొనేటప్పుడు గిన్నెను ఆనించే ఇనుప చువ్వలను చూడండి. అవి మరీ ఎడంగా ఉంటే కాఫీ గిన్నె ఒరుగుతుంది. వణికే చేతులతో మరిగే పాలు దించేవారికి ఇది చిన్న విషయం కాదు. కుక్కరు సంగతీ ఇంతే. అయిదు లీటర్ల కుక్కరులో గుప్పెడు బియ్యం పోస్తే ఆవిరి కట్టడానికే కాలం పడుతుంది. ఒక్కరికి రెండు లీటర్లది చాలు. అందులోనూ మూడింట రెండు వంతులు మించి నింపరాదు. పప్పయితే పొంగుతుంది కాబట్టి సగం దాటనివ్వకండి.

మూడవది బండ లెక్క. ఇక్కడ మాత్రం మనుషుల సంఖ్యతో పనివుంది. ఒక మోస్తరు బర్నరు పూర్తిగా మండితే గంటకు సుమారు 150 గ్రాముల గ్యాసు తింటుంది. ఒక్క మనిషి వంట, కాఫీతో సహా, రెండు బర్నర్ల కాలమూ కలిపి రోజుకు గంట అనుకుందాం. నెలకు నాలుగున్నర కిలోలు. అంటే 5 కిలోల బండ నెల వస్తుంది, 14.2 కిలోలది మూడు నెలలు వస్తుంది. మూడు నెలలు వచ్చేదే నయం గదా అనిపిస్తుంది. కాని గ్యాసుతోపాటు ఇనుము బరువు కూడా కలిపితే ఆ బండ దాదాపు 30 కిలోలు. తెచ్చినవాడు గుమ్మంలో దించి వెళ్ళిపోతే దాన్ని లోపలికి జరిపేదెవరు? 5 కిలోలది అందులో సగం బరువు కూడా ఉండదు. కొన్ని ఊళ్ళలో 10 కిలోల ఫైబరు బండలు కూడా ఇస్తున్నారు. అవి తేలిక, లోపల గ్యాసు ఎంత ఉందో పైకి కనిపిస్తుంది. సాయానికి మనిషి ఉన్నవారు పెద్దది పెట్టుకోవచ్చు. లేనివారు తమ చేతులను అడిగి నిర్ణయించుకోవాలి.

అద్దె గదుల్లో ఉండే పిల్లలకు ఇక్కడ ఒక హెచ్చరిక. చిరునామా రుజువు లేకపోయినా గుర్తింపు కార్డు చూపి 5 కిలోల బండను గ్యాసు ఏజెన్సీలలో, కొన్ని పెట్రోలు బంకుల్లో కొనుక్కోవచ్చు. కిలో లెక్కన చూస్తే ధర కొంచెం ఎక్కువే. ఆ తేడా చూసి, సందుల్లో పెద్ద బండ నుంచి ఊరూపేరూ లేని చిన్న బండలోకి గ్యాసు ఎక్కించి ఇచ్చేవారి దగ్గరికి పోతారు. అది చట్టవిరుద్ధం. అంతకుమించి ప్రాణంతో చెలగాటం.

ఒంటరివారికి మరో సంగతి కూడా ముఖ్యం. పదిమందున్న ఇంట్లో గ్యాసు వాసన వస్తే ఎవరో ఒకరు పసిగడతారు. ఒక్కరే ఉంటే ఆ ఒక్క ముక్కే దిక్కు, వయసు మీదపడితే అదీ మందగిస్తుంది. గ్యాసు గాలికన్నా బరువు, నేలను అంటిపెట్టుకుని పరుచుకుంటుంది. అంచేత బండ నిలువుగా నేలమీద, పొయ్యి దానికన్నా ఎత్తున ఉండాలి. రబ్బరు గొట్టం అయిదేళ్ళకోసారి మార్చాలి. రాత్రి పడుకోబోయేముందు రెగ్యులేటరు కట్టేయాలి. వాసన వస్తే స్విచ్చి ముట్టకుండా తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి. పాలు పొంగి మంట ఆరిపోతే గ్యాసు దానంతటదే ఆగిపోయే ఏర్పాటున్న స్టవ్‌లు వస్తున్నాయి. మూడో బర్నరుకు పెట్టే డబ్బు దీనికి పెట్టడం మేలు.

సముద్రం దాటినా ఈ లెక్క మారదు. అమెరికాలో ఒంటరిగా ఉన్న మన పిల్లలు ఎండాకాలం రాగానే ఆరుబయట కాల్చుకునే గ్యాసు గ్రిల్లు మీద మనసుపడతారు. దుకాణంలో కళ్ళు నాలుగు బర్నర్లదానిమీదే నిలుస్తాయి. తీరా అది ఇంటికి వచ్చాక, పచ్చడికి ఒక్క వంకాయ, ఉబుసుపోకకు రెండు మొక్కజొన్న పొత్తులు కాల్చడానికి అంత ఇనుమూ పదిపదిహేను నిమిషాలు వేడెక్కాలి. తరువాత అంతా గీకి కడగాలి. ఒక్కరికి రెండు బర్నర్లది చాలు. ఒకవైపు కాల్చి, ఆర్పిన రెండోవైపుకు జరిపితే మాడకుండా వెచ్చగా ఉంటుంది. అక్కడ మామూలుగా దొరికే గ్యాసు సిలిండరు 20 పౌన్లది, అంటే సుమారు 9 కిలోలు. చిన్నవాటికి ఒక పౌను డబ్బాలూ ఉన్నాయి. కాని కొనేముందు అడగవలసిన మాట వేరే ఉంది. చాలా అపార్టుమెంట్లలో బాల్కనీలో గ్రిల్లు వెలిగించనివ్వరు. ఆ సంగతి తెలుసుకున్న తరువాతే సైజు సంగతి.

“అంతా బాగానే ఉంది, మరి చుట్టాలొస్తేనో?” అని మీరడుగుతారు. అడగాలి కూడా. అతిథి రాడని పొయ్యి కొనుక్కునే ఇల్లు తెలుగిల్లు కాదు. పిల్లలు సంక్రాంతికి వస్తారు, మూడు రోజులుంటారు. ఆ మూడు రోజులూ రెండు బర్నర్లమీద ఒకదాని తరువాత ఒకటి వండుకోవచ్చు. ఒక కరెంటు పొయ్యి అటకమీద ఉంటే అది మూడోదవుతుంది, గ్యాసు అయిపోయిననాడు మొదటిదే అవుతుంది. పెద్ద గిన్నె పక్కింటి వదినగారి దగ్గర దొరుకుతుంది. మిగిలిన 362 రోజులూ ఆ వంటింట్లో నిలబడేది ఒక్క మనిషి. పొయ్యి ఆ మనిషి ఆకలికి సరిపోవాలి.

అమ్మకు స్టవ్ కొని పంపాలనుకుంటున్న పిల్లలకు చివరిగా ఒక మాట. ఫోనులో బొమ్మలు చూసి ఎంచకండి. అమ్మ రోజూ ఏ గిన్నెలో అన్నం వండుతుందో, ఏ గిన్నెలో కాఫీ కాస్తుందో ముందు అడగండి. వీలైతే ఆ రెండు గిన్నెలూ సంచిలో వేసుకుని, అమ్మను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళండి. స్టవ్‌మీద గిన్నె పెట్టి చూడమనండి, 5 కిలోల బండ ఒకటి ఎత్తి చూడమనండి. దుకాణం కుర్రవాడు నవ్వితే నవ్వనివ్వండి. వంట చేసుకోవలసింది అతను కాదు గదా!