బతికిన మొక్కకే లెక్క



మేము ఈ హాస్టల్లో ఉన్న ఐదేళ్లూ ఏటా వానాకాలంలో మొక్కలు నాటాం. ఫొటో దిగాం, చప్పట్లు కొట్టాం. మరుసటి ఏడు అవే గుంతలు తవ్వి మళ్లీ నాటాం. పోయినేడు పెట్టిన మొక్క ఏమైందని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. పీజీలో చేరాక వంగారి మాతాయి జీవితం చదివినప్పుడు మాకు ముందు ఆ గుంతలే గుర్తుకొచ్చాయి.

ఆమె 1940లో ఆఫ్రికాలోని కెన్యా దేశంలో, ఇహితే అనే పల్లెలో జన్మించారు. ఆడపిల్లలను బడికి పంపడం అరుదైన ఆ రోజుల్లో, చెల్లెలు బడికి ఎందుకు రావడం లేదని అన్న అడిగాడు. తల్లి వెంటనే బడిలో వేసింది. పదకొండో ఏట మనలాగే ఇల్లు విడిచి హాస్టల్ చదువుకు వెళ్లారు. 1960లో స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్లి జీవశాస్త్రంలో డిగ్రీ, పీజీ చేశారు. 1971లో నైరోబీలో డాక్టరేట్ పొందారు. తూర్పు, మధ్య ఆఫ్రికాలో ఆ పట్టా అందుకున్న మొదటి మహిళ ఆమే.

అంత చదివిన మనిషి ఊరి ఆడవాళ్ల మాట విన్నారు. వంటచెరకు లేదు, మంచినీళ్లు లేవు, పిల్లలకు సరైన తిండి లేదని వాళ్లు చెప్పారు. చెట్లు పోవడమే వీటికి మూలమని గ్రహించి 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం ప్రారంభించారు. మొక్క నాటడానికి డిప్లొమా అక్కర్లేదని చెప్పి పల్లె తల్లుల చేతనే నర్సరీలు పెట్టించారు. నాటినంత మాత్రాన డబ్బులు రావు. మొక్క బతికితేనే వాళ్లకు కొద్దిపాటి సొమ్ము ముట్టేది. అలా 3 కోట్లకు పైగా చెట్లు లేచాయి.

1989లో నైరోబీలోని ఉహురు పార్కులో 60 అంతస్తుల భవనం కట్టబోతే ఎదిరించి ఆపించారు. 1992లో పోలీసుల దెబ్బలకు స్పృహ తప్పారు. అయినా వెనక్కి తగ్గలేదు. 2004లో నోబెల్ శాంతి బహుమతి పొందిన తొలి ఆఫ్రికన్ మహిళ అయ్యారు. 2011లో కన్నుమూశారు.

మొక్కకూ శాంతికీ ఏం సంబంధమని కొందరు అడుగుతారు. కుళాయి దగ్గర బిందెల తగాదాలు చూసి పెరిగిన మనకు అది వేరే చెప్పాలా?

మా ఇళ్లలో డిగ్రీ చూసింది మేమే మొదటివాళ్లం. ఏ నేలలో ఏ విత్తనం పడాలో మా అమ్మలకు తెలుసు. నాలుగు పుస్తకాలు చదివామని వాళ్ల మాట వినడం మానేశాం. చదువు మనల్ని అమ్మకు దూరం చేస్తే, అదీ నీళ్లు పోయని మొక్కలాంటిదే అని మా అభిప్రాయం.

తమ్ముళ్లూ, ఈసారి కంచెల ఖర్చు పాత విద్యార్థులం పెట్టుకుంటాం. నీళ్లు మీరు పోయండి. వచ్చే వార్షికోత్సవానికి ఎన్ని నాటామో చెప్పుకోవద్దు, ఎన్ని బతికాయో లెక్కపెట్టుకుందాం.