ఫార్మాట్ కొట్టే ముందు

సెల్లు కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోతే ఉప్పల్ చౌరస్తాలో గానీ నాచారంలో గానీ చాలా షాపుల్లో ఒకటే మాట: "ఫార్మాట్ కొట్టుడే". నేను దీనికి ఒప్పుకోను.

ఆండ్రాయిడ్ ఫోనుకు అడుగున ఉన్నది లినక్స్. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి (అవును, విద్యార్థే!) మొదలుపెట్టింది. ఫోనులో జాగా మన హాస్టలు లెక్క గదులు గదులుగా ఉంటుంది. నడిపే ప్రోగ్రాములు ఒక గదిలో, మన ఫోటోలు, పాటలు 'యూజర్ డేటా' గదిలో. ఏదో రాసుకుంటుండగా చార్జింగు పోతే ఆ గది సామాన్ల పట్టీ చెడిపోవచ్చు. సామాను చాలాసార్లు లోపలే ఉంటుంది. ఫార్మాట్ అంటే పట్టీ దిద్దడం కాదు, గది ఊడ్చేయడం. ఇప్పటి ఫోన్లలో ఆ గదికి తాళం కూడా ఉంటది. రీసెట్ చేస్తే తాళంచెవే పోతది, ఇక ఎవరూ తీయలేరు.

తెర మీద డేటా చెడిందని వస్తే కింద 'మళ్ళీ ప్రయత్నించు' అని కూడా ఉంటుంది. చార్జింగు పెట్టి ముందు అదే రెండు మూడుసార్లు నొక్కమనండి.

తండాల్లో, గూడేల్లో మన అవ్వలు పాడిన పాటలు కొన్ని ఏ పుస్తకంలోనూ లేవు, ఫోనులోనే ఉన్నాయి. నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసే అన్నలకైతే బీరువా, ఆల్బమ్ అన్నీ ఫోనే. షాపాయనకు అరగంట పని, మనకు?

వార్డెన్ సారూ, సెలవుల ముందు ఒక్క ఆదివారం ఆఫీసు కంప్యూటరులో పాటలు కాపీ చేసుకోనివ్వండి.