ఈ కారెవరిదిరా?

మా ఇంటి ముందు కారుంది. తెల్లది. ఏడు సీట్లది. డీజిలు బండి. ఇందులో చెప్పుకోడానికేముందని మీకనిపించొచ్చు. ఎంత మైలేజీ ఇస్తుంది, ఏసీ వెనక సీటు దాకా అందుతుందా, డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయి? మామూలుగా కారు కథ ఇంతవరకే. మా కారుకి ఇంకో కథ కూడా ఉంది. అది రోడ్డెక్కినప్పుడల్లా ఒక ప్రశ్న ఎదురొస్తుంది. ఈ కారెవరిదిరా?

అడిగినవాళ్ళకి జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది గుంటూరు సీమలో ఒక మాదిగపల్లె. మా తాత లందలో తోళ్ళు ఊనేవాడు. చెప్పులు, చెర్నాకోలలు, ఎద్దుల మెడపట్టెడలు, కాడికి కట్టే వార్లు అన్నీ ఆయన చేతి పనే. ఊళ్ళో కదిలిన ప్రతి బండీ మా తాత కుట్టిన వారుతోనే కదిలింది. ఆ బండెక్కే హక్కు మాత్రం ఆయనకి లేదు. బండి వెనక నడిచేవాడు. నడిచేటప్పుడు కూడా తను కుట్టిన చెప్పులు కాళ్ళకి కాకుండా చేతికి ఉండేవి. కాబట్టి అయ్యలారా, బండి మాకు కొత్త కాదు. అందులో కూర్చోవడం కొత్త.

అంబేద్కర్ తన అనుభవాలు రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో మొదటి కథే బండి కథ. 1901లో తొమ్మిదేళ్ళ పిల్లవాడు తన అన్నతోటీ, బంధువుల పిల్లలతోటీ తండ్రి దగ్గరికి బయల్దేరాడు. మసూరు స్టేషన్లో దిగారు. బట్టలు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి స్టేషన్ మాస్టరు బ్రాహ్మల పిల్లలనుకున్నాడు. మహర్లమని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. బాడుగ బండివాళ్ళెవరూ రామన్నారు. చివరికి ఒకడు రెట్టింపు బాడుగకి ఒప్పుకున్నాడు. షరతేమిటంటే బండి ఆ పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు. డబ్బు అంటలేదు, పిల్లలు అంటారు! 1929లో చాలీస్‌గావ్‌లో మళ్ళీ అదే జరిగింది. అప్పటికాయన బారిస్టరు. టాంగావాళ్ళు తోలమన్నారు. తోలడం రాని మహర్ మనిషి ఒకడు పగ్గాలు పట్టుకుంటే బండి దెబ్బతింది, ఆయన రాళ్ళ మీద పడ్డాడు, కాలు విరిగింది. బారిస్టరు చదువు ఆ టాంగా ముందు ఎందుకూ కొరగాలేదు.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టర్ని. మా ఆవిడ కూడా టీచరే. 2016లో కారు కొన్నాం. షోరూముకి మా స్కూల్లో పనిచేసే ఒక మిత్రుణ్ణి తోడు తీసుకుపోయాను. ఆయన తెల్లగా, నదురుగా ఉంటాడు. అక్కడి కుర్రాడు రంగులూ రేట్లూ అన్నీ ఆయనకే చెప్పాడు. తాళం చెవి ఆయన చేతిలోనే పెట్టాడు. "సార్, డ్రైవర్ని కూడా తీసుకెళ్ళి ఒక రౌండు చూసి రండి" అన్నాడు. డ్రైవరంటే నేను. డ్రైవరు పని తక్కువదని నేననడం లేదు. మా తమ్ముడు లారీ తోలి ముగ్గురు పిల్లల్ని చదివించాడు. నేనడిగేది వేరు. తోలేవాడెవడో, కూర్చునేవాడెవడో ముఖం చూసి మీకెలా తెలిసిపోతుంది?

"మీరు నలుగురే కదా, చిన్న కారు చాలదా?" అన్నారు చాలామంది. చాలదు. కంపెనీవాళ్ళు కాగితం మీద వేసే కుటుంబం బొమ్మలో అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలు ఉంటారు, దయ తలిస్తే తాతా నాయనమ్మా ఉంటారు. మా కుటుంబం ఆ బొమ్మలో పట్టదు. ఒక ఇంట్లో ఒకడికి నౌకరీ వస్తే పల్లె మొత్తం ఆ నౌకరీకి చుట్టమే. పెద్దమ్మ కంటి ఆపరేషను, చిన్నాయన కూతురి పెళ్ళిచూపులు, ఎవరో ఒకరి కొడుకు పరీక్ష, అన్నిటికీ మన కారే. అందుకే ఏడు సీట్లది కొన్నాం. ఏడుగురితో అది కదిలిన రోజు తక్కువ.

ఈ రకం బళ్ళ చరిత్ర మన దగ్గర పెద్ద పాతదేం కాదు. 1994లో టాటా సుమో వచ్చింది. 2000లో క్వాలిస్, 2005లో ఇన్నోవా, 2012లో ఎర్టిగా. తెలుగు సినిమాల్లో సుమోలు గాల్లోకి లేచాయి, మా పల్లెలోకి మాత్రం దుమ్ము లేపుకుంటూ వచ్చేవి. సుమో వచ్చిందంటే ఓట్లకైనా వచ్చుండాలి, కొట్టడానికైనా వచ్చుండాలి. అలాంటి బండి ఒకటి మా పల్లెలోనే పుట్టినట్టు మా ఇంటి ముందే నిద్రపోతోందంటే చాలామందికి మింగుడు పడలేదు.

పదేళ్ళ బట్టి దానితో కాపరం చేస్తున్నాం కాబట్టి దాని మంచీ చెడూ చెప్పగలను. ముందు సీట్లు సుఖం. నడిమి సీట్లో ముగ్గురు బాగానే కూర్చుంటారు. వెనక వరసకి పోవాలంటే నడిమి సీటు మడిచి దూరాలి. అక్కడ పెద్దవాళ్ళు కూర్చుంటే మోకాళ్ళు గెడ్డానికి తగులుతాయి. మా ఇంట్లో ఆ సీటు పిల్లలదీ, పొట్టిది కాబట్టి మా అమ్మదీ. వెనక వరస నిలబెడితే సామానుకి చోటుండదు, సామాను పెట్టాలంటే వెనక వరస పడుకోబెట్టాలి. మనుషులో మూటలో తేల్చుకోమంటుంది. నిండుగా ఎక్కితే వెనక భాగం కిందికి దిగుతుంది, టైర్లలో గాలి పెంచుకోవాలి, బ్రేకు ముందుగా తొక్కాలి. ఎండాకాలం వెనకవాళ్ళకి చల్లగాలి అందేసరికి ఊరొచ్చేస్తుంది. అయినా సీట్లు మడిస్తే బియ్యం బస్తాలు పడతాయి, కుట్టుమిషను పడుతుంది, నులక మంచం కాళ్ళూడదీస్తే అదీ పడుతుంది. రాత్రి రెండింటికి నొప్పులొచ్చిన ఆడపిల్ల పడుకోవడానికి చోటుంటుంది. అలా ముగ్గురిని ఆసుపత్రికి చేర్చింది. ఒకసారి మా మేనమామ శవాన్ని ఇంటికి తెచ్చింది. బహుళ ప్రయోజనమంటే కంపెనీవాళ్ళు ఏమనుకున్నారో గానీ, మాకది ఇదీ.

ఈ ప్రయోజనాలే ఒకచోట నేరమయ్యాయి. ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపారు. లోపల మా పెద్దమ్మలు, వాళ్ళ కోడళ్ళు, ఒళ్ళో పిల్లలు. "తెల్ల ప్లేటు పెట్టుకుని బాడుగ తోల్తున్నావా?" అన్నాడాయన. సొంత బండితో బాడుగ తోలకూడదు, దానికి పసుపు ప్లేటూ పర్మిటూ కావాలని నాకూ తెలుసు. "వీళ్ళు మా వాళ్ళండీ" అన్నాను. ఆయన లోపలికి టార్చి కొట్టి చూసి, "వీళ్ళా?" అన్నాడు. ఆర్సీ మీద నా పేరుంది, లైసెన్సు మీద నా ఫోటో ఉంది. మా పెద్దమ్మ నలిగిన చీర, పగిలిన కాళ్ళు ఆ కాగితాల కన్నా గట్టి సాక్ష్యమయ్యాయి. అదే బండిలో పట్టుచీరలు కూర్చుంటే తీర్థయాత్ర. నేత చీరలు కూర్చుంటే దొంగ టాక్సీ.

ఇంటికొచ్చేదారిలో ఇంకో చెక్‌పోస్టు ఉంది. దానికి గేటుండదు. మా పల్లెకి పోవాలంటే ఊరి పెద్దవీధిలోంచే పోవాలి. వీధి మొగదలకి రాగానే మా నాయన, "ఆపరా అబ్బాయ్, నేను దిగి నడుస్తా" అంటాడు. ఎందుకు నాయనా అంటే, "పెద్దాళ్ళు అరుగుల మీద కూకునుంటారు, ఎందుకొచ్చిన గొడవ" అంటాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. మా అమ్మ వెనక వరసలోంచి అరుస్తుంది: "కూకోవయ్యా! నువ్వు దిగితే ఆళ్ళు ఎక్కుతారు, మన నెత్తిన!" ఈ దేశంలో ఇంత మంచి రాజకీయ ఉపన్యాసం నేనింకోటి వినలేదు. మా నాయన పిరికివాడు కాదు. ఆయన బుర్రలో లెక్కలున్నాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. ఆ గొడవకి మొదలు సినిమాహాలులో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటువాడికి తగలడం. 2007లో పడ్డ శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది, నిందితులందరూ బయటపడ్డారు. సీటు దగ్గర మొదలైన గొడవ ఎంతదాకా పోతుందో మా నాయనకి తెలుసు. ఏడు సీట్ల బండిలో ఆయన ఒక్కోసారి ఒక్క సీటు మీద కూడా పూర్తిగా కూర్చోడు, అంచున కూర్చుంటాడు.

వెనకద్దం మీద మేం అంబేద్కర్ బొమ్మ అంటించాం. "ఎందుకు మాస్టారూ, అందరికీ తెలిసిపోతుంది కదా" అన్నాడొక శ్రేయోభిలాషి. ఏం తెలిసిపోతుందయ్యా? రోడ్డు మీద చూడండి, ఎన్ని కార్ల అద్దాల మీద ఎన్ని కులాల పేర్లు మెరుస్తున్నాయో! మీ అద్దం మీద మీ కులం పేరుంటే అభిమానం. మా అద్దం మీద రాజ్యాంగం రాసినాయన బొమ్మ ఉంటే కులగజ్జి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. స్టాఫ్‌రూములో రిజర్వేషన్ల మాట రాగానే అందరి చూపూ కిటికీలోంచి నా కారు మీదికి పోతుంది. "కారున్నోళ్ళకి కూడా రిజర్వేషనేంటండీ?" మా పిల్లకి సీటొచ్చినా, మా వాడికి ఫీజు మాఫీ వచ్చినా సాక్ష్యం ఆ కారే. ఈ మాట స్టాఫ్‌రూములోనే ఆగలేదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీల బెంచి ఎస్సీల వర్గీకరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. 1994లో ఈదుముడిలో పుట్టిన దండోరా ముప్పయ్యేళ్ళు అడిగిన మాట అది, సంతోషమే. కానీ అదే తీర్పులో నలుగురు జడ్జీలు ఎస్సీ ఎస్టీల్లో కూడా క్రీమీలేయరుని గుర్తించి తీసేయాలన్నారు. 1992లో మండల్ కేసులో ఇదే కోర్టు క్రీమీలేయరు మాట బీసీల వరకేననీ, ఎస్సీ ఎస్టీలకి దానితో పని లేదనీ చెప్పింది. ఎందుకు చెప్పింది? అంటరానితనం జీతం చూసి అంటదు కాబట్టి.

పోనీ కొలుద్దామనే అనుకుందాం. 2019లో అగ్రవర్ణ పేదలకి పది శాతం రిజర్వేషను తెచ్చారు. అందులో పేద అంటే ఎవరు? ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం. 5 ఎకరాల పొలం ఉండకూడదు, వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు ఉండకూడదు. ఇలా ఇంకొన్ని షరతులున్నాయి. ఆ జాబితాలో కారు ఉందేమో వెతకండి. లేదు. ఏడు సీట్ల కారుండి కూడా వాళ్ళు పేదలు కావచ్చు. అదే కారు మా ఇంటి ముందుంటే మేం మీగడ! వాళ్ళ కారుకి కొలత లేదు, మా కారుకి టేపు పట్టుకు తిరుగుతున్నారు.

మా కారు మీకు లెక్కగా కావాలంటే పూర్తి లెక్కే ఇస్తాను. అయిదేళ్ళు వాయిదాలు కట్టాం, 2021లో అప్పు తీరింది. ఇద్దరి జీతాలు, మా ఆవిడ గాజులు, మా అమ్మ మిరప కోతల కూలి దాచిన డబ్బు అందులో ఉన్నాయి. తాతలిచ్చిన పొలం లేదు, మామలిచ్చిన కట్నం లేదు. ఇంకో వందేళ్ళ నడక ఉంది, అది కూడా కలుపుకోండి. ఒక దళితుడు బండి కొన్నాడంటే కులం దిగిపోయినట్టు కాదు. కులం కూడా అదే బండెక్కి వెంట వస్తుంది, అదీ డీజిలు డబ్బులివ్వకుండా.

కాబట్టి అయ్యలారా, రిజర్వేషను ఎప్పుడు వదులుతారని నన్నడగొద్దు. ఆ షోరూము కుర్రాడు తాళం చెవి ఎవరి చేతిలో పెడతాడో, ఆ టార్చిలైటు ఎవరి చీర మీద ఆగుతుందో, ఆ అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మా నాయన్ని చూసి ఏమంటారో, ముందు అది చూడండి. అక్కడ మారితే ఇక్కడ మేమే చెబుతాం. అందాకా ఆ కారూ మాదే, ఈ సర్టిఫికెట్టూ మాదే. రెండూ కష్టపడి తెచ్చుకున్నవే.