మెరుగులు ఆగొచ్చు, ముందు బ్రేకులు

అమెరికాలో శక్తిమంతమైన ఇంజిన్ ఉండే పాత మజిల్ కారును సొంతంగా తయారు చేసుకోవాలనుకునే మామూలు ఉద్యోగికి వేలంపాటలు నిరుత్సాహమే మిగులుస్తాయి. 450 హార్స్‌పవర్ ఎల్‌ఎస్6 ఇంజిన్‌తో 1970లో వచ్చిన షెవర్లే షెవెల్ ఇప్పుడు అతని అందుబాటులో లేదు. దాంతో బిగ్ బ్లాక్ అనే ఇలాంటి పెద్ద ఇంజిన్ అంటేనే డబ్బున్నవాళ్ల సరదా అన్న మాట పాతుకుపోయింది. అది సరికాదు. ఈ బళ్లకు అంత పేరొచ్చిందే జేబులో పెద్దగా డబ్బు లేని కుర్రకారు వల్ల.

1968లో ప్లిమత్ తెచ్చిన రోడ్ రన్నర్‌నే చూడండి. ప్రారంభ ధర 3,000 డాలర్ల లోపే. ముందు భాగంలో 335 హార్స్‌పవర్ ఇచ్చే 383 ఘనపు అంగుళాల వి8. లోపలికి తొంగిచూస్తే కార్పెట్ ఉండదు, కింద రబ్బరు పట్టాలే. ముందు విడి సీట్లూ లేవు, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే సీటు. ఖర్చంతా పరుగుకే పెట్టారు. తొలి ఏడాదే 44 వేలకు పైగా అమ్ముడుపోయాయి.

ఈ రోజు తక్కువ ఖర్చులో కారు కట్టేవాళ్లు పట్టుకోవాల్సిన దారీ అదే. షెవర్లే 454 బిగ్ బ్లాక్ అంటే 454 ఘనపు అంగుళాలు, 7.4 లీటర్లు, మన రోడ్ల మీది 1.2 లీటర్ల చిన్న కారుకు ఆరు రెట్లు. అది స్పోర్ట్స్ మోడళ్లకే పరిమితం కాలేదు, పికప్ ట్రక్కుల్లో, ఇంటిలా మలిచిన మోటార్ హోమ్‌లలో కూడా 1990ల చివరిదాకా వచ్చింది. ఫోర్డ్ 460 కూడా అంతే. పైకప్పు కారి, గోడలు కుళ్లి తుక్కుకు వెళ్లే మోటార్ హోమ్‌లో ఇంజిన్ చాలాసార్లు గట్టిగానే ఉంటుంది.

ట్రక్కు ఇంజిన్ల సిలిండర్ హెడ్లలో గాలి దారులు ఇరుకని పోటీల వాళ్లు వాటిని చిన్నచూపు చూస్తారు. ఇంజిన్ బాగా వేగం అందుకున్నాక ఆ లోటు తెలిసే మాట నిజమే. కానీ ఊళ్లో సిగ్నల్ దగ్గర కదిలే బండికి కావాల్సింది తక్కువ వేగంలో లాగే బలం. బరువులు లాగడానికే చేసిన ఈ హెడ్లలో అది పుష్కలం. అలాగే క్రాంక్ షాఫ్ట్‌ను పట్టి ఉంచే క్యాప్‌లకు నాలుగు బోల్టులుండే బ్లాకే కావాలని ఎక్కువ పెట్టనక్కర్లేదు. వీధిలో తిరిగే కారుకు రెండు బోల్టులది చాలు.

అయితే పొదుపు పనికిరాని చోట్లున్నాయి. పాత 454 బ్యాలెన్స్‌లో కొంత భాగం బయటి బ్యాలెన్సర్, ఫ్లైవీల్ మీద ఆధారపడి ఉంటుంది. చూడ్డానికి ఒకేలా ఉంది కదా అని అదే కంపెనీ 396 ఇంజిన్ బ్యాలెన్సర్ బిగిస్తే బండి వణికిపోతుంది, బేరింగులు దెబ్బతింటాయి. సిలిండర్ల అరుగుదల కొలిపించడం, అవసరమైతే బోరింగ్ చేయించడం లేత్ షాపు పని. అక్కడ బేరం తగదు.

అన్నిటికన్నా బాధ కలిగించేది బ్రేకుల పట్ల నిర్లక్ష్యం. ఇనుప బిగ్ బ్లాక్ ఒక్కటే 300 కిలోలు తూగుతుంది. ఆరు సిలిండర్ల ఇంజిన్ కోసం చేసిన స్ప్రింగులు, చిన్న రేడియేటర్, డ్రమ్ బ్రేకులు అలాగే ఉంచి దీన్ని దించేవాళ్లు క్రోమ్ కవర్లకు, పెయింటుకు మాత్రం డబ్బు వెతుక్కుంటారు. అదే కంపెనీ కొంచెం తర్వాతి మోడళ్ల డిస్క్ బ్రేకులు సరిపోయే బళ్లు చాలానే ఉన్నాయి. ముందు అవి బిగించాలి. రంగు మరో ఏడాది ఆగొచ్చు.