లెక్కా పత్రం: ఎడమ కాలి ఖర్చు

బళ్ళారిలోని మన సంఘ సభ్యుడొకరు ఈసారి చిక్కు ప్రశ్న ఒకటి పంపారు. ఆయన ముప్పై ఏళ్ళు లారీ నడిపిన మనిషి. కొడుకు పది చక్రాల టిప్పరు కొందామనుకుంటున్నాడు. మార్జిన్ డబ్బు కోసం ఇల్లు తనఖా పెట్టాలనే మాట కూడా ఇంట్లో నడుస్తోంది. అబ్బాయికి క్లచ్ తొక్కనక్కర లేకుండా గేర్లు వాటంతటవే మారే బండి కావాలి. తండ్రి దృష్టిలో అది సోమరిపోతు బండి, పైగా రెండు లక్షలు ఎక్కువ. బ్యాంకులో పనిచేసేవారు గదా, ఏది కొనాలో మీరే తేల్చండి అని ఇద్దరూ కలిసి నా మీద పెట్టారు.

నేను చదివింది బి.కాం. గేరుబాక్సు విప్పినవాణ్ణి కాను. అయితే వాహన రుణాల కాగితాలు చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. వాయిదా కట్టడానికి వచ్చే డ్రైవర్లతో, మెకానిక్కులతో మాట్లాడి తెలుసుకున్నది కొంత ఉంది. ముందు యంత్రం సంగతి, తర్వాత లెక్క సంగతి చెబుతాను.

అసలు గేరు ఎందుకు? నెత్తిన మూట ఉన్నప్పుడు చిన్న అడుగులు వేస్తాం. చేతులు ఊపుకుంటూ పోయేటప్పుడు పెద్ద అంగలు వేస్తాం. బండికి గేర్లు అలాంటివే. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం బరువు పరిమితి పెంచినప్పుడు పది చక్రాల లారీకి బండితో కలిపి 25 టన్నులు ఉన్నది 28.5 టన్నులయింది. అంత బరువును నిలబడిన చోటునుంచి కదిలించాలంటే మొదటి గేరులో నెమ్మదిగా లాగాలి, వేగం అందుకున్న కొద్దీ గేరు మార్చుకుంటూ పోవాలి. మార్చిన ప్రతిసారీ ఇంజనుకూ గేరుబాక్సుకూ ఉన్న సంబంధాన్ని క్షణం సేపు తెంపాలి. ఆ తెంపే పని క్లచ్‌ది. క్లచ్ తొక్కే పని డ్రైవరు ఎడమ కాలిది.

పాతకాలం గేరుబాక్సుల్లో పళ్ళు సరిగ్గా కలవాలంటే రెండుసార్లు క్లచ్ తొక్కాల్సి వచ్చేది. మన డ్రైవర్లు దాన్నే డబుల్ క్లచ్ అంటారు. గేర్ల వేగాన్ని సమానం చేసే సింక్రోమెష్ ఏర్పాటు 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో వచ్చింది. అయినా అమెరికా పెద్ద లారీలు ఆ తర్వాత కూడా చాలా కాలం, పది నుంచి పద్దెనిమిది గేర్ల దాకా, సింక్రోమెష్ లేకుండానే నడిచాయి. అక్కడ గేరు చేత్తో వేయడం ఒక విద్య. ఇక్కడా అంతే. తండ్రి ఆ విద్యను గౌరవిస్తున్నారు, అందులో తప్పేమీ లేదు.

ఇక ఆటోమేటిక్ అనే ఒక్క మాట కింద రెండు వేరు వేరు యంత్రాలున్నాయి. బేరానికి వెళ్ళినప్పుడు ఈ తేడా తెలియకపోతే చిక్కు.

మొదటిది టార్క్ కన్వర్టర్ రకం. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి తిప్పితే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలికి బదులు నూనె అనుకోండి. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇంజనుకూ గేర్లకూ మధ్య నూనె ఉంటుంది గనక కదిలేటప్పుడు కుదుపు ఉండదు, అరిగే క్లచ్ ప్లేటు అక్కడ ఉండదు, బరువును కదిలించే క్షణంలో ఇంజను బలాన్ని పెంచి అందిస్తుంది కూడా. బెంగళూరులో ఓల్వో సిటీ బస్సు ఎక్కినవారు డ్రైవరు ఎడమ కాలు కదపకుండా కూర్చోవడం చూసే ఉంటారు. సింగరేణి ఉపరితల గనుల్లో తిరిగే భారీ డంపర్లూ ఈ జాతివే. ఖరీదు ఎక్కువ, నూనె మార్పిడి ఖర్చూ ఎక్కువే. బ్యాటరీ దిగితే తోసి స్టార్టు చేయడం కుదరదు. చెడిపోయిన బండిని ప్రొపెల్లర్ షాఫ్టు విప్పకుండా లాక్కుపోతే గేరుబాక్సు పాడవుతుంది.

రెండోది ఏ.ఎం.టి. లోపల ఉన్నది మామూలు గేరుబాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. తొక్కే కాలు, మార్చే చెయ్యి మాత్రం మనిషివి కావు, కంప్యూటరు చెప్పినట్టు కదిలే మీటలవి. చాలా బండ్లలో వాటిని కదిపేది బ్రేకులకు వాడే గాలే. ఓల్వో కంపెనీ 2001లో ఐ-షిఫ్ట్ పేరుతో తెచ్చాక యూరప్ పెద్ద లారీల్లో ఈ పద్ధతి బాగా పాతుకుంది. మన దేశంలో టాటా, అశోక్ లేలాండ్, భారత్‌బెంజ్ కొన్ని మోడళ్ళలో ఇస్తున్నాయి. అబ్బాయి అడుగుతున్నది ఇదే.

క్లచ్ పెడల్ లేదు గనక క్లచ్ అరగదనుకోవడం పొరపాటు. వే బ్రిడ్జి దగ్గర వరుసలో అంగుళం అంగుళం జరిపినా, ఏటవాలులో బ్రేకు బదులు యాక్సిలరేటరుతో బండిని నిలబెట్టినా ప్లేటు కాలుతుంది. సెన్సరు మొరాయిస్తే రోడ్డు పక్క మెకానిక్కు సుత్తీ స్పానరూ చాలవు, లాప్‌టాప్ పట్టుకుని కంపెనీ మనిషి రావాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది దిగుడు దారి. సండూరు కొండల్లో లోడు చాలా చోట్ల పైనుంచి కిందికి దిగుతుంది. ఎక్కేటప్పుడు ఖాళీ బండి, దిగేటప్పుడు నిండు బండి. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు అని పాత డ్రైవర్లు చెప్పే సూత్రానికి అర్థం ఇదే: ఇంజనే బండిని పట్టి ఆపాలి, బ్రేకులు వేడెక్కి పనిచేయకుండా పోకూడదు. డీజిలు ఆదా అని న్యూట్రల్‌లో దిగేవాడు ప్రాణంతో ఆడుకుంటున్నాడు. ఏ.ఎం.టి. బండిలో దిగే ముందే మీటను మాన్యువల్‌కు మార్చి చిన్న గేరు పట్టించాలి, ఎగ్జాస్ట్ బ్రేకు వెయ్యాలి. ఎదర దిగుడు ఉందని బండికి ముందుగా తెలియదు, డ్రైవరుకు తెలుసు. కోరాపుట్ ఘాట్లలో తిరిగే మన ఒడిశా సభ్యులకూ ఈ మాట వర్తిస్తుంది. కాబట్టి తండ్రి నేర్చిన విద్య కొత్త బండిలో వృథా కాదు. కాలికి పని తగ్గుతుంది, బుర్రకు తగ్గదు.

ఇప్పుడు లెక్క. అదనపు ధర 2 లక్షలు, వడ్డీ 10 శాతం, గడువు 48 నెలలు అనుకుందాం. దానికి నెల వాయిదా సుమారు 5,070 రూపాయలు. నెలకు 25 రోజులు పని ఉంటే రోజుకు 200 పైచిలుకు. డీజిలు లీటరు 90 చొప్పున రెండుంబావు లీటర్లు. రోజుకు 150 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 3 కిలోమీటర్లు ఇచ్చే టిప్పరు 50 లీటర్లు తాగుతుంది. అంటే కొత్త బండి 3.14 కిలోమీటర్లు ఇస్తే డీజిలుతోనే అదనపు వాయిదా తీరుతుంది.

ఇస్తుందా? అది స్టీరింగు ఎవరి చేతిలో ఉందో దాన్ని బట్టి ఉంటుంది. తండ్రి వంటి చెయ్యి తిరిగిన డ్రైవరుకు ఏ.ఎం.టి. పెద్దగా మిగిల్చేదేమీ లేదు, ఆయన గేరు వేసేదే సరైన సమయంలో. జీతానికి వచ్చే కొత్త కుర్రాడు ఇంజను అరిచేదాకా గేరు మార్చడు, లేదా సగం క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతాడు. అలాంటి చేతిలో తేడా బాగా కనిపిస్తుంది. మంచి డ్రైవరుకూ సాధారణ డ్రైవరుకూ మధ్య ఉన్న దూరాన్ని ఈ యంత్రం తగ్గిస్తుంది. డ్రైవర్లు దొరకడం లేదని లారీ యజమానులు మొత్తుకుంటున్న ఈ రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

కొటేషన్‌లో కనిపించని పద్దు ఇంకొకటి ఉంది. ట్రిప్పుకు వందసార్లు క్లచ్ తొక్కాడనుకోండి. రోజుకు ఆరు ట్రిప్పులైతే 600, నెలకు 15,000, ఏడాదికి 1,80,000 సార్లు. యంత్రాలకు మనం తరుగుదల రాస్తాం, మోకాలికి ఎవరూ రాయరు. మా బ్రాంచి మెట్లెక్కేటప్పుడు ఎడమ మోకాలి మీద చెయ్యి వేసి నిలబడే పాత డ్రైవర్లను ఎందరినో చూశాను. యాభై దాటేసరికి చాలామంది బండి దిగిపోతారు, ఆపైన ఆ ఇంటికి రాబడి ఉండదు. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన పెద్ద లారీల క్యాబిన్‌లో ఏ.సి. తప్పనిసరి చేశారు. డ్రైవరు ఒళ్ళు కూడా లెక్కలోకి రావాలని ప్రభుత్వమే ఒప్పుకున్నప్పుడు, కన్న కొడుకు కాలి గురించి తండ్రి ఆలోచించడం సహజమే గదా.

నా సలహా ఇది. అబ్బాయి తానే నడుపుతూ గనికీ సైడింగుకూ మధ్య రోజంతా తిరిగే పని అయినా, ఊరి మధ్య కట్టడాలకు కంకర తోలే పని అయినా ఏ.ఎం.టి.కి ఆ రెండు లక్షలు పెట్టవచ్చు. కంపెనీ సర్వీసు షెడ్డు దగ్గరలో ఉండాలి, కొనే ముందు లోడుతో ఆ దారిలోనే నడిపి చూడాలి. పల్లె దారుల్లో, షెడ్డు వంద కిలోమీటర్ల అవతల ఉన్న చోట పని అయితే క్లచ్ బండే మేలు. పొలాల మధ్య నిలిచిపోయిన బండి రోజుకు ఎంత మింగుతుందో లారీ వారికి నేను చెప్పనక్కర లేదు.

ఇంటి తనఖా మాట వేరు. 2011లో సుప్రీం కోర్టు బళ్ళారి జిల్లాలో ఇనుప గనుల తవ్వకం ఆపించినప్పుడు లారీలు వరుసలు కట్టి నిలిచిపోయాయి. తర్వాత నియమ నిబంధనలతో గనులు మళ్ళీ తెరిచారు గాని, ఆ మధ్యలో వాయిదాలు ఆగలేదు. గేరు ఏదైనా లోడు లేని బండి అప్పు తీర్చదు. రుణానికి బండి ఎలాగూ హామీగా ఉంటుంది. మార్జిన్‌కు ఇంకో ఏడాది కూడబెట్టినా ఫరవాలేదు, ఇంటి పత్రాలు మాత్రం పెట్టెలోనే ఉండనివ్వండి. పని ఇస్తామన్నవారి దగ్గర కాగితం మీద రాయించుకున్నాకే షోరూము మెట్లెక్కండి.

వచ్చే సంచికలో పాత లారీ కొనేవారు చూసుకోవలసిన కాగితాల గురించి రాస్తాను. మీ ప్రశ్నలు సంఘం చిరునామాకు పంపండి.